‘మాకెందుకు ముందు చెప్పలేదు?’: శుభవార్త స్నేహితుల దాకా వచ్చే దారి

"నీ ప్రమోషన్ సంగతి స్టేటస్‌లో చూసి తెలుసుకోవాల్సొచ్చిందా మేం?" హైదరాబాద్‌లో ముప్ఫై దాటిన స్నేహితుల మధ్య తరచూ వినిపించే నిష్ఠూరం ఇది. మార్చి చివర అమెరికా వీసా లాటరీ, ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్లు, మూఢాలు పోగానే పెళ్లిళ్లు, దసరాకి ఫ్లాట్ బుకింగులు. సీజన్‌కో రకం కబురు వస్తుంది. కబురు మంచిదే, దాని వెంట ఓ చిన్న అలక కూడా వస్తుంది. "ముందే చెప్పొచ్చుగా" అని వీళ్లు, "ఖాయం కాకుండా ఎలా చెప్తాం" అని వాళ్లు. "దావత్ ఎప్పుడు?" అని అడిగి వీళ్లు సంతోషం చూపించాం అనుకుంటారు, వాళ్లకేమో అది చాలదనిపిస్తుంది.

ఇందులో రెండు మూడు వేర్వేరు విషయాలు కలగలిసిపోయి ఉన్నాయి. కబురు నిజంగా ఏ దశలో ఉంది, అది ఎవరికి ఏ వరసలో చేరింది, విన్నవాళ్లు దాన్ని ఎలా తీసుకున్నారు. విడివిడిగా చూస్తే ఒక్కోదాని లెక్క ఒక్కోలా ఉంటుంది.

ఒక్క కబురుకు మూడు తేదీలు

శుభవార్తలన్నీ దాదాపు మూడు తేదీల మీదుగా నడుస్తాయి. మొదటిది ఆశ పుట్టిన రోజు: ఇంటర్వ్యూ బాగా జరిగింది, సంబంధం నచ్చింది. రెండోది మాట ఖాయమైన రోజు: ఆఫర్ లెటర్ వచ్చింది, తాంబూలాలు పుచ్చుకున్నారు, అగ్రిమెంటు అయింది. మూడోది చేతికందిన రోజు: ఉద్యోగంలో చేరారు, మూడుముళ్లు పడ్డాయి, ఇంటి తాళాలు వచ్చాయి. చెప్పేవాళ్లు రెండో తేదీ దాటాకగానీ నోరు విప్పరు. వినేవాళ్లు మాత్రం మొదటి తేదీ నుంచే లెక్కేసుకుని, "ఇన్ని నెలలు దాచావా?" అంటారు.

పెళ్లి విషయంలో ఈ పేచీ తక్కువ, ఎందుకంటే ఎప్పుడు చెప్పాలో ఆచారమే తేల్చేసింది. పెళ్లిచూపుల గురించి బయట మాట్లాడరు. తాంబూలాలయ్యాక చెప్తారు. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెట్టాక పంచుతారు. "పప్పన్నం ఎప్పుడు పెడుతున్నావ్?" అని రోజూ ఏడిపించే స్నేహితుడికి కూడా, తాంబూలాలకు ముందు సూటిగా జవాబు రాదని తెలుసు. పాతబస్తీ దోస్తుల ఇళ్లలో మంగ్నీ, అంటే నిశ్చితార్థం, చేసే పనీ ఇదే.

ఉద్యోగాలకూ వీసాలకూ ఇలాంటి కట్టుబాటు ఇంకా ఏర్పడలేదు. ఐటీలో ఆఫర్ లెటర్ అందిన మనిషికి చాలా కంపెనీల్లో అరవై నుంచి తొంభై రోజుల నోటీస్ పీరియడ్ ఉంటుంది. ఈలోపు పాత కంపెనీ జీతం పెంచి ఉండిపొమ్మనొచ్చు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఏదో కాగితం దగ్గర ఆగొచ్చు, కొత్త కంపెనీయే చేరే తేదీని వెనక్కి జరపొచ్చు. ఆఫర్ వెనక్కి తీసుకోవడం కూడా జరిగేదే. ఆ మూడు నెలలూ నోరు మూసుకున్నవాళ్లను గుంభనం మనుషులనుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

అమెరికా వీసా సంగతి ఇంకా పొడుగు. అక్కడ ఉద్యోగం చేసుకోవడానికిచ్చే హెచ్-1బీ వీసాలు ఏటా 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. మార్చిలో రిజిస్ట్రేషన్ చేస్తారు, వాటిలోంచి లాటరీ తీస్తారు. అందులో పేరొచ్చిందంటే దరఖాస్తు పెట్టుకునే అవకాశం వచ్చిందని మాత్రమే అర్థం. ఏప్రిల్ నుంచి కంపెనీ పిటిషన్ వేయాలి, అది ఆమోదం పొందాలి, ఇక్కడున్నవాళ్లయితే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ దాకా వెళ్లి రావాలి. అన్నీ కలిసొస్తే అక్టోబర్ 1 నుంచి ఉద్యోగం. మార్చిలో "వచ్చేసింది రా" అని ఫోన్ చేసినవాడు చెప్పింది మొదటి తేదీ కబురు. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లేవాళ్లు ఈ తేడాను అందరికంటే బాగా పాటిస్తారు: కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108.

రెండో తేదీ వచ్చాక కూడా కబురు ఊగిసలాడొచ్చని తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకేజీ బయటపడి రద్దయింది. 2023లో మళ్లీ రాశారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. ప్రిలిమ్స్, మెయిన్స్ అయి ర్యాంకులొచ్చాక, 2025 సెప్టెంబర్ 9న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ ర్యాంకుల జాబితాను పక్కన పెట్టారు. అదే నెల 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపేసింది, నెలాఖరులో నియామక పత్రాలిచ్చారు. ర్యాంకు చూసి స్వీట్లు పంచినవాళ్లు సెప్టెంబర్‌లో ఆ రెండు వారాలు ఫోన్ ఎత్తడానికే జంకి ఉంటారు. పంచనివాళ్లను మాత్రం ‘మావాడికి అంత గుట్టేమిటో’ అని అప్పటికే అనేసి ఉంటారు.

24 లక్షల జీతం, కోటీ ఇరవై లక్షల ఫ్లాట్

స్నేహితుల మధ్య తప్పుడు లెక్కలు ఎక్కువగా జరిగేది డబ్బు దగ్గరే. ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూద్దాం. ఒకరికి ఏడాదికి 24 లక్షల ప్యాకేజీతో ఉద్యోగం వచ్చింది. వినగానే అందరూ మనసులో పన్నెండుతో భాగించేస్తారు: నెలకు రెండు లక్షలు.

ప్యాకేజీ, అంటే సీటీసీ, కంపెనీ ఆ మనిషి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. చేతికొచ్చే జీతం వేరు. ఈ 24 లక్షల్లో పది శాతం వేరియబుల్ అనుకుందాం, 2,40,000. అది పనితీరును బట్టి, కంపెనీ లాభాలను బట్టి ఎప్పుడో వస్తుంది, పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. బేసిక్ జీతం ప్యాకేజీలో సగం, 12 లక్షలు అనుకుంటే, కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 1,44,000. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, దాదాపు 57,700. ఇవీ ప్యాకేజీలోనే లెక్కవుతాయి. మిగిలింది సుమారు 19,58,000. ఇందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ ఇంకో 1,44,000 పోతుంది. 2025-26 కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక పన్నూ సెస్సూ కలిపి దాదాపు 1,84,000. తెలంగాణ వృత్తి పన్ను నెలకు 200. అన్నీ పోగా బ్యాంకులో పడేది నెలకు లక్షా 35 వేల చిల్లర.

అబద్ధం ఎవరూ చెప్పలేదు. అయినా విన్నవాళ్ల లెక్కకూ నిజానికీ నెలకు దాదాపు 65 వేలు తేడా.

ఏడాది తర్వాత అదే మనిషి తెల్లాపూర్ వైపు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో కోటీ ఇరవై లక్షలకు ఫ్లాట్ తీసుకున్నాడనుకుందాం. కట్టడం పూర్తి కాని ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ 5 శాతం, 6 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపి 7.5 శాతం, 9 లక్షలు. 75 లక్షలు దాటిన గృహరుణం ఇంటి విలువలో 75 శాతానికి మించకూడదన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. కాబట్టి బ్యాంకు గరిష్ఠంగా 90 లక్షలిస్తుంది. మిగతా 30 లక్షలు, పైన చెప్పిన 15 లక్షలు, మొత్తం 45 లక్షలు సొంతంగా సర్దుకోవాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల అప్పయితే ఈఎంఐ నెలకు 78 వేలు. కట్టుబడి సాగేకొద్దీ బ్యాంకు విడతలుగా ఇస్తుంది గనుక మొదట్లో వడ్డీ మాత్రమే కట్టే వీలుంటుంది. చివరి విడత కూడా విడుదలయ్యాక పూర్తి ఈఎంఐ మొదలవుతుంది. ఇల్లు చేతికి రావడం ఆలస్యమైతే అప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంటారు. అద్దె 25 వేలు వేసుకున్నా, లక్షా 35 వేలల్లో మిగిలేది 32 వేలు. అందులోనే పిల్లల స్కూలు, పెట్రోలు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది.

ఇప్పుడు గ్రూపులో "ఇల్లు కొన్నావ్, ప్యాకేజీ పెరిగింది, ఇంకా దావత్ లేదా?" అని మెసేజ్. అడిగినవాళ్లకు రెండు శుభవార్తలు కనిపిస్తున్నాయి. అడిగించుకున్న మనిషి జీవితంలో అంత చేతి బిగువు ముందెప్పుడూ లేదు. అతను పిసినారి అయిపోయాడన్న మాట సాధారణంగా ఇక్కడే పుడుతుంది.

"ఫ్లాట్ తీసుకున్నాం" అన్న మాట కూడా ఏ దశలోనైనా వినిపించొచ్చు. టోకెన్ కట్టినప్పుడూ అంటారు, గృహప్రవేశం రోజూ అంటారు. బిల్డర్ల మీద నియంత్రణకు తెచ్చిన 2016 నాటి రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటు రాసుకుని రిజిస్టర్ చేయకుండా బిల్డర్ పది శాతానికి మించి తీసుకోకూడదు. అంటే కోటీ ఇరవై లక్షల ఫ్లాటుకు 12 లక్షల దాకా కట్టి కూడా ఇంకా మొదటి తేదీలోనే ఉండొచ్చు. రెండో తేదీ అగ్రిమెంటు. మూడోది, ఇంట్లో ఉండొచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి, తాళాలు అందిన రోజు. రెండోదానికీ మూడోదానికీ మధ్య రెండు మూడేళ్లు గడవడం మన ఊళ్లో మామూలే. ఈ మధ్యలో చెప్పినవాళ్లను ప్రతి ఫంక్షన్‌లోనూ "ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నకు భయపడి తాళాలు చేతికొచ్చేదాకా చెప్పనివాళ్లు ఉన్నారు. వాళ్ల లెక్క వాళ్లది.

మూడో నెల దాకా ఆగడం

గర్భం వచ్చిందని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్లు ‘మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దు’ అంటారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు, తూచా తప్పకుండా పాటించేవాళ్లూ ఉన్నారు. వైద్యం చెప్పేది ఇది: నిర్ధారణ అయిన గర్భాల్లో 10 నుంచి 20 శాతం గర్భస్రావంతో ముగుస్తాయి. వాటిలో దాదాపు 80 శాతం మొదటి 12 వారాల్లోపే జరుగుతాయి. పెద్దవాళ్ల గడువు, కడుపులో బిడ్డను చూసే ఎన్‌టీ స్కాన్ చేసే 11 నుంచి 14 వారాల సమయం ఇంచుమించు ఒకచోటికే వస్తాయి.

అయితే చెప్పొద్దని డాక్టర్లు ఎవరినీ కట్టడి చేయరు. మూడు నెలల మౌనం మీద గట్టి అభ్యంతరం కూడా ఉంది. ఎవరికీ చెప్పకుండా ఉండి, మధ్యలో ఏదైనా జరగరానిది జరిగితే, ఆ దుఃఖమూ ఎవరికీ చెప్పుకోలేనిదైపోతుంది. నాలుగు రోజులు సెలవు పెట్టి ‘జ్వరం’ అని చెప్పాలి. ముందే తెలిసిన స్నేహితురాలుంటే కనీసం ఒక్కరి దగ్గరైనా నటించక్కర్లేదు. ఇది అవతలివైపు వాదన, దీన్నీ తేలిగ్గా తీసేయలేం. అందుకే ఈ తరంలో చాలామంది మధ్యేమార్గంలో వెళ్తున్నారు: ఊరందరికీ మూడో నెల తర్వాత, పోగొట్టుకుంటే ఎవరి భుజం కావాలో ఆ ఒకరిద్దరికి వెంటనే.

వరస గురించిన అలక ఎక్కడ పుడుతుందో చూడటానికి ఈ సందర్భమే బాగా పనికొస్తుంది. ఉప్పల్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో షిఫ్టుల ఉద్యోగం ఉన్న ఒకామెను ఊహించుకోండి. ఆరో వారంలో భర్తకు, డాక్టరమ్మకు తెలుసు. ఏడో వారానికి వేవిళ్లు, అమ్మకు ఫోన్‌లో గొంతు వినగానే అర్థమైపోతుంది. ఎనిమిదో వారంలో మేనేజర్‌కి చెప్పాలి, లేకపోతే రాత్రి షిఫ్టు తప్పదు. తొమ్మిదో వారంలో క్యాబ్‌లో పక్క సీట్లో కూర్చునే అమ్మాయికి చెప్పక తప్పదు, ఔటర్ మీద బండి ఆపించి వాంతి చేసుకున్నాక ఏమని దాస్తారు? కాలేజీ రోజుల నుంచి ప్రాణంగా ఉన్న నలుగురు స్నేహితురాళ్లకు పదమూడో వారంలో చెప్పింది.

ఆ నలుగురిలో ఒకరికి క్యాబ్ అమ్మాయి పరిచయం. "నెల కిందటే తెలుసు కదే మాకు" అని ఆ అమ్మాయి యథాలాపంగా అనేసింది. ఇంకేముంది! "పదిహేనేళ్ల స్నేహం, ఆఫీసు క్యాబ్ కంటే లోకువైపోయామా?"

స్నేహితురాళ్లు ఆ వరసను ప్రేమ వరసగా చదివారు. అది అవసరాల వరస. కబురు మొదట చేరేది దాంతో పని ఉన్నవాళ్లకు: డాక్టర్, మేనేజర్, పక్క సీటు మనిషి. పని లేనివాళ్లకు, కేవలం సంతోషం పంచుకోవడానికి చెప్పేవాళ్లకు, కాస్త కుదుటపడ్డాకే చెప్పగలుగుతారు. ఉద్యోగం మారేటప్పుడు రెఫరల్ ఇచ్చిన దూరపు పరిచయస్తుడికి ముందు తెలిసి, రూమ్మేటుకు తర్వాత తెలియడం కూడా ఇలాంటిదే. నా మటుకు నాకు, స్నేహితుల మధ్య వచ్చే ‘ముందు, వెనక’ తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు మీదే నిలబడ్డాయనిపిస్తుంది.

ఇంకో చిన్న గందరగోళం. అమెరికాలో ఉన్న మిత్రులు పుట్టబోయేది పాపో బాబో చెప్తూ కేక్ కోసిన ఫొటోలు పెడతారు. ఇక్కడివాళ్లను కూడా "ఎవరంట?" అని అడిగేస్తారు. మన దేశంలో 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం పుట్టకముందు లింగ నిర్ధారణ చేయడం, చెప్పడం నేరం. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా ఆ బోర్డు ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఆ కబురు దాచడం, చెప్పడం అన్న ప్రశ్నే లేదు. అందరికీ తెలిసేలా జరిగేది శ్రీమంతం. ఐదో నెలా, ఏడో నెలా, తొమ్మిదో నెలా అన్నది ఇంటి ఆనవాయితీ.

దిష్టి: నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు, మధ్యలో ఉన్నవాళ్లు

కొండాపూర్‌లో ఏ అపార్ట్‌మెంట్ కడుతున్న చోటికి వెళ్లి తలెత్తినా దిష్టిబొమ్మ కనిపిస్తుంది: నల్లటి మొహం, బయటికొచ్చిన ఎర్ర నాలుక, కోరమీసాలు. కింద లిఫ్టు గుంతకు లేజర్ కొలతలు, పైన స్లాబు ఇనుప చువ్వకు ఆ బొమ్మ. గేటుకు బూడిద గుమ్మడికాయ. కోట్లు పెట్టే బిల్డరే దిష్టికి జాగ్రత్త పడుతుంటే, రెండు గదుల ఇల్లు కొనుక్కునేవాళ్లు పడకుండా ఎలా ఉంటారు?

నమ్మేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. నలుగురి కళ్లూ పడితే పని చెడుతుంది, కాబట్టి పూర్తయ్యేదాకా చెప్పకూడదు. నమ్మనివాళ్లు కూడా చాలాసార్లు చెప్పరు. వాళ్ల కారణం వేరు: కబురు తప్పిపోతే, "ఏమైంది?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పుకోవాలి. దారి వేరైనా ఇద్దరూ చేరేది మౌనానికే. దిష్టి అన్న మాటకు ఇంకో సౌకర్యం ఉంది. "నిన్ను నమ్మక చెప్పలేదు" అనకుండా, "మా అత్తమ్మ చెప్పొద్దన్నారు" అని తప్పించుకోవచ్చు. నేరం ఎవరి మీదా పడదు.

ఈ మౌనానికి అయ్యే ఖర్చు గురించి కూడా పరిశోధన ఉంది. అన్నాబెల్ రాబర్ట్స్, ఎమ్మా లెవిన్, ఓవుల్ సెజర్ 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తమ విజయాన్ని దాచినవాళ్ల మీద, ఆ సంగతి తర్వాత తెలిసిన మిత్రులకు దగ్గరితనమూ నమ్మకమూ తగ్గాయి. కారణం ఆసక్తికరమైనది. ‘నేను బాధపడతానని, ఓర్చుకోలేనని అనుకున్నాడన్నమాట’ అన్న ఊహే వాళ్లను గుచ్చింది. ఇవి మన ఊళ్లో చేసిన ప్రయోగాలు కావు. దిష్టి అన్న మర్యాదైన సాకు ఇక్కడ ఆ గాయాన్ని కొంత తగ్గిస్తుందేమో. కానీ ఆ గుచ్చుకోవడం మాత్రం అమీర్‌పేట హాస్టల్లో ఉన్నవాళ్లకూ అర్థమయ్యేదే.

దాచలేక, చెప్పలేక కొందరు మూడో దారి పడతారు: "ఏం ప్రమోషనో ఏమో, పని పెరిగింది తప్ప ఒరిగిందేం లేదు" అని సణుగుడు రూపంలో చెప్పడం. అణకువగా ఉంటుందని వాళ్ల ఉద్దేశం. సెజర్, ఫ్రాన్సెస్కా జినో, మైకేల్ నార్టన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా సణుగుతూ గొప్ప చెప్పుకున్నవాళ్ల కంటే నేరుగా గొప్ప చెప్పుకున్నవాళ్లే వినేవాళ్లకు కాస్త నచ్చారు. కనీసం వాళ్లలో దాపరికం లేదు కదా అని.

‘దావత్ ఎప్పుడు?’ అన్నది మంచి జవాబేనా

ఇప్పుడు విన్నవాళ్ల వైపు. షెల్లీ గేబుల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, సహచరులతో కలిసి 2004లో దీని మీదే రాశారు. మంచి విషయం జరగడం వల్ల కలిగే ఆనందం ఒకటి, దాన్ని ఎవరికైనా చెప్పుకోవడం వల్ల దానికి పైన కలిగేది ఇంకొకటి అని వాళ్లు గమనించారు. ఆ రెండోది చాలావరకు విన్నవాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్ల జవాబులను గేబుల్ బృందం నాలుగు రకాలుగా విడదీసింది. మన మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటాయి.

ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఒకడు అన్నాడు: "మామా, టీమ్ లీడ్ ఇచ్చారు."

"అరె, నిజంగానా! ఎవరు చెప్పారు, ఎట్లా చెప్పారు? ఎంతమంది నీ కింద?" ఇది ఉత్సాహంగా వెంట నడిచే జవాబు. "గుడ్ రా" అని చాయ్ తాగడం, సంతోషమే గానీ అక్కడితో ఆగిపోయే జవాబు. "ఇక శని, ఆదివారాలు కూడా కాల్సే. చచ్చావ్ పో" అన్నది చురుగ్గానే ఉంటుంది కానీ కబురు గాలి తీసేస్తుంది. "అవునా... అన్నట్టు నా బండి సర్వీసింగ్‌కి ఇచ్చా, ఎనిమిది వేలన్నాడు" అన్నది అసలు కబురునే దాటేసి పోతుంది. గేబుల్ లెక్కలో స్నేహానికీ దాంపత్యానికీ కలిసొచ్చేది మొదటి రకం ఒక్కటే. 2006లో జంటల మీద చేసిన ఇంకో అధ్యయనంలో, కష్టం చెప్పుకున్నప్పుడు ఎలా స్పందించారన్నదాని కంటే సంతోషం చెప్పుకున్నప్పుడు ఎలా స్పందించారన్నదే ఆ బంధం ఎలా ఉంటుందో ఎక్కువగా తెలిపింది.

మరి ‘దావత్ ఎప్పుడు?’ ఏ రకం? నాలుగింట్లో దేనిలోనూ సరిగ్గా ఇమడదు. గొంతులో ఉత్సాహం ఉంది, హక్కుగా అడిగే చనువుంది. హైదరాబాద్‌లో పరాయివాళ్లను దావత్ అడగరు కాబట్టి, అడగడమే ఆత్మీయత. కానీ మాట కబురు మీద నుంచి బిర్యానీ మీదకు జారిపోతుంది. ఏ రోజు, ప్యారడైజా, బావర్చీయా, డ్రైవింగ్ ఎవరు అన్న చర్చ గంటసేపు నడుస్తుంది. టీమ్ లీడ్ ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. కాబట్టి "అది మన పద్ధతి, అందులో ప్రేమ ఉంది" అనేవాళ్లదీ నిజమే, "నా సంగతి ఒక్కరూ వినలేదు" అనేవాళ్లదీ నిజమే. "ఎట్లా జరిగింది, చెప్పు" తర్వాత వచ్చే దావత్ వేరు, దానికి బదులుగా వచ్చే దావత్ వేరు.

అదే పనిలో ఉన్న దోస్తు

కొందరి కబురు వింటే మనసు పొంగుతుంది, కొందరిది వింటే ఎక్కడో చురుక్కుమంటుంది. ఇద్దరూ ప్రాణస్నేహితులే. అబ్రహం టెస్సర్ అనే శాస్త్రవేత్త 1980ల్లో దీనికొక వివరణ ఇచ్చారు. దగ్గరివాళ్లు గెలిచినప్పుడు, ఆ గెలుపు మన సొంత రంగంలో కాకపోతే దాని వెలుగు మన మీదా పడుతుంది, "మా ఫ్రెండే" అని చెప్పుకుంటాం. అదే రంగమైతే పోలిక మొదలవుతుంది. మనిషి ఎంత దగ్గరైతే పోలిక అంత పదునెక్కుతుంది.

ఒకే బ్యాచ్, ఒకే కోచింగ్, ఒకే కంపెనీలో చేరిన ఇద్దరిని తీసుకోండి. ఒకరికి ప్రమోషన్ వస్తే రెండోవారికి ముందు గుర్తొచ్చేది తన రేటింగే. అదే మిత్రుడు రవీంద్రభారతిలో పాట పాడితే ముందు వరసలో కూర్చుని వీడియో తీసేది ఈ రెండో మనిషే. గుణం మారలేదు, రంగం మారింది అంతే. ఈ నగరంలో స్నేహాలు ఎక్కువగా కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో, ఆఫీసు ఫ్లోర్ల మీద పుట్టినవి. అందుకే ఇక్కడ దగ్గరివాళ్లే అదే పనిలోనూ ఉంటారు. చురుక్కుమనే సందర్భాలూ అందుకే ఎక్కువ. అయితే టెస్సర్ చెప్పింది లోపల ఏం కదులుతుందో మాత్రమే. పైకి ఏమంటారన్నది మనిషిని బట్టి మారుతుంది, లోపల కాస్త మండుతున్నా "ఎట్లా వచ్చింది, చెప్పు" అని నిజంగా వినేవాళ్లు ఉన్నారు.

గ్రూపులో పెట్టాలా, ఫోన్ చేయాలా

వాట్సాప్ వచ్చాక వరస పాటించడం కష్టమైపోయింది. కజిన్స్ గ్రూపులో బావ పెట్టిన ఫొటో, రెండు గ్రూపుల్లోనూ ఉన్న ఒక్క మనిషి చేతిమీదుగా కాలేజీ గ్రూపులోకి పది నిమిషాల్లో వచ్చేస్తుంది. "ముందు వీళ్లకు, తర్వాత వాళ్లకు" అని వేసుకున్న ప్లాన్ మొదటి గ్రూపు దాకానే పనిచేస్తుంది. అందుకే కొందరు ఒకే రాత్రి అన్నిచోట్లా పెట్టేస్తారు. అలక ఉండదు, కానీ ఎవరికీ ప్రత్యేకంగా చెప్పినట్టూ ఉండదు.

తేలనిది ఒక్కటే. గ్రూపులో ఒకరి ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది, లేదా ఒకామె పిల్లల కోసం ఐవీఎఫ్ చికిత్సకు తిరుగుతోంది. అప్పుడు ప్రమోషన్ కబురో, శ్రీమంతం ఫొటోలో పెట్టే ముందు వాళ్లకు విడిగా చెప్పాలా? చెప్పాలనేవాళ్లు, అందరి ముందూ ఒక్కసారిగా వచ్చి తగలకుండా ఉంటుందంటారు. వద్దనేవాళ్లు, నన్నొక్కదాన్నే పక్కకు పిలిచి మెల్లగా చెప్పడమే పెద్ద అవమానం, జాలి చూపిస్తున్నారా అని అడుగుతారు. దాచితే మిత్రులకు గుచ్చుకుంటుందన్న 2021 అధ్యయనం ఈ రెండో వాదనకు కాస్త బలమిస్తుంది. విడిగా చెప్పాలనుకునేవాళ్లలోనూ మళ్లీ రెండు పక్షాలు. ఫోన్ చేస్తేనే మర్యాద అని ఒకరు. ఫోన్‌లో అయితే ఆ క్షణాన్నే సంతోషంగా మాట్లాడి తీరాలి, మెసేజ్ అయితే కాస్త ఆగి తీరిగ్గా జవాబివ్వొచ్చు అని ఇంకొకరు. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లను అడిగితే ఎక్కువమంది మెసేజ్ చాలనే అంటారనుకుంటా. మన ఇళ్లలో పెద్దవాళ్లకు మాత్రం ఫోన్ చేయకపోతే, కబురు చెప్పినట్టే లెక్క కాదు.